పాల ప్లాంటులో ఏటీపీ స్వాబ్: పదిహేను సెకన్ల అంకెను తీసే పద్ధతి, చదివే పద్ధతి

పాల ప్లాంటులో ఫిల్లింగ్ మెషిన్ నాజిల్‌ను స్వాబ్‌తో, అంటే కొన మెత్తగా ఉండే పుల్లతో, తుడిచి ఆ నమూనాను బ్యాక్టీరియాను పెంచే ప్లేటులో పోస్తే, మొత్తం బ్యాక్టీరియా లెక్క తేలడానికి 30 డిగ్రీల వద్ద 72 గంటలు పడుతుంది. పరిశుభ్రత లోపానికి సూచికగా చూసే కోలిఫాం బ్యాక్టీరియా లెక్కకైనా ఒక రోజు ఆగాలి. ఆ నాజిల్ కింద నిండిన ప్యాకెట్లు అప్పటికే ఇళ్లకు చేరి, కాగి, తోడుకుని, ఖాళీ అయిపోయి ఉంటాయి. తెల్లవారుజామున లైను మొదలుపెట్టాలా, మరోసారి కడగాలా అన్నది తేల్చుకోవలసిన షిఫ్ట్ కెమిస్టుకు ఆ ప్లేటు ఆ క్షణంలో ఏ సాయమూ చేయదు. ఈ ఖాళీని పూరించడానికే ఏటీపీ స్వాబ్ వచ్చింది. పదిహేను సెకన్లలో తెర మీద ఒక అంకె చూపిస్తుంది. అయితే ఆ అంకెను బ్యాక్టీరియా లెక్కగా చదివే అలవాటు చాలా ప్లాంట్లలో పాతుకుపోయింది కాబట్టి, అది దేని అంకె అన్న సంగతితోనే మొదలుపెట్టాలి.

వెలుగు ఎక్కడిది, అంకె దేనిది

ప్రాణమున్న ప్రతి కణమూ తన శక్తిని ఏటీపీ అనే అణువు రూపంలో చేతిలో పెట్టుకుని ఉంటుంది. మిణుగురు పురుగు పొట్ట చివర వెలిగే దీపానికి లూసిఫెరిన్ అనే పదార్థం, లూసిఫెరేజ్ అనే ఎంజైము, ఆక్సిజన్, మెగ్నీషియంతో పాటు ఏటీపీ కూడా తప్పనిసరి అని 1947లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం మెకెల్రాయ్ చూపించాడు. అందుకు కావలసిన మిణుగురులను బాల్టిమోర్ పిల్లలకు డబ్బులిచ్చి పట్టించాడట. స్వాబ్ గొట్టం పై భాగంలో ఉండే ద్రవంలో ఆ ఎంజైమూ, ఆ లూసిఫెరినూ ఉంటాయి. పుల్లకు అంటిన మురికిలో ఏటీపీ ఎంత ఉంటే అంత వెలుగు వస్తుంది. లూమినోమీటర్ దాన్ని కొలిచి ఆర్‌ఎల్‌యూ అనే సాపేక్ష కాంతి ప్రమాణాలలో చూపిస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఏటీపీ ఒక్క బ్యాక్టీరియాలోనే ఉండేది కాదు. పాలలోనూ, పాలలో కలిసి వచ్చే పశువు కణాలలోనూ, మన చేతి చర్మంలోనూ, ఈస్టులోనూ ఉంటుంది. రెండవది, ఒక బ్యాక్టీరియా కణంలో ఉండే ఏటీపీ అత్యల్పం. అది సుమారు ఒక అట్టోమోల్. విరివిగా వాడే ఒక రకం మీటరులో అంకె ఒకటి కదలాలంటే దాదాపు ఒక ఫెమ్టోమోల్, అంటే అలాంటి కణాలు సుమారు వెయ్యి కావాలి. అందువల్ల స్టీలు మీద కంటికి కనిపించని పాలమరక ఒకటి మీటరును వందలలోకి నెట్టగలదు గాని, కొన్ని వందల బ్యాక్టీరియాలు కూర్చున్న చోట మీటరు సున్నా చూపించినా ఆశ్చర్యపోనక్కరలేదు. బాసిల్లస్ బ్యాక్టీరియా గట్టి పొర కట్టుకుని నిద్రావస్థలో ఉండే స్పోరులలో ఏటీపీ దాదాపు ఉండదు. వైరస్‌లలో అసలే ఉండదు.

కాబట్టి మీటరు జవాబు చెప్పేది "ఇక్కడ బ్యాక్టీరియా ఎంత?" అన్న ప్రశ్నకు కాదు, "కడిగిన తరువాత ఇక్కడ జీవ సంబంధమైన మురికి ఎంత మిగిలింది?" అన్న ప్రశ్నకు. బ్యాక్టీరియా పెరిగేది ఆ మిగిలిన మురికి మీదే గనుక, మే నెల ఎండలో పెరిగేది గంటల లెక్కన గనుక, పరిశుభ్రత పర్యవేక్షణకు ఈ రెండవ ప్రశ్న తక్కువదేమీ కాదు.

నెయ్యి గది సంగతి వేరు. నెయ్యి, శుద్ధి చేసిన నూనె, పంచదార వంటి వాటిలో ఏటీపీ చాలా తక్కువ కాబట్టి వేలు పెడితే జారేంత జిడ్డు ఉన్న పళ్లెం మీద కూడా రీడింగు పాస్ రావచ్చు. అక్కడ కన్ను, వేలు, తెల్లగుడ్డ మీటరు కన్నా నమ్మదగినవి. బాగా వేడి తగిలిన పదార్థాలలో ఏటీపీ విరిగి ఏడీపీగా, ఏఎంపీగా మారిపోతుంది. ఈ మూడింటినీ కలిపి కొలిచే పరికరాలు, జపాన్‌కు చెందిన కిక్కోమన్ సంస్థవి వంటివి, అలాంటి లైన్ల మీద మెరుగ్గా పనికొస్తాయి.

ఎక్కడ తీయాలి

కొత్తగా మీటరు కొన్న ప్లాంటులో మొదటి వారం అందరూ సైలో (పాలు నిల్వ ఉంచే పెద్ద ట్యాంకు) లోపలి గోడ, టేబుల్ పైభాగం వంటి నునుపైన, అందుబాటులో ఉన్న చోట్లనే స్వాబ్ చేస్తారు, అన్నీ పాస్ అవుతాయి, రిజిస్టరు అందంగా నిండుతుంది. మురికి అక్కడ ఉండదు. అది గాస్కెట్ల (అతుకుల మధ్య బిగించే రబ్బరు వలయాల) వెనుక, వాల్వు మెడల్లో, పైపు చివర నీరు తిరగని మూలల్లో, వెల్డింగు గరుకుల్లో ఉంటుంది. ప్లాంటు డ్రాయింగు ముందు పెట్టుకుని, పాలు తాకే దారి వెంట ట్యాంకర్ అవుట్‌లెట్ వాల్వు నుంచి పౌచ్ మెషిన్ నాజిల్ దాకా నడిచి, ప్రతి చోటా "ఇక్కడికి కాస్టిక్ సోడా కలిపిన కడుగుడు నీరు గట్టిగా తగులుతుందా?" అని అడుగుతూ పోతే పదిహేను, ఇరవై స్థానాలు వాటంతట అవే తేలతాయి. నా లెక్కలో తప్పక ఉండవలసినవి బ్యాలెన్స్ ట్యాంకు మూత లోపలి వైపు, శాంపిల్ కాక్, క్రీమ్ సెపరేటర్ పళ్లేలు, పౌచ్ మెషిన్ ఫార్మింగ్ ట్యూబు, నాజిల్ గాస్కెట్, పన్నీరు అచ్చులు, క్యాన్లలో పాలు కలిపే ప్లంజర్.

ఒక్కో స్థానానికి ఒక సంఖ్య ఇవ్వండి, ఫోటో తీయండి, ఆ ఫోటో మీద స్వాబ్ చేసే భాగాన్ని గీతతో చుట్టండి. ఉదయం షిఫ్టు వారు వాల్వు ముందు భాగం తుడిచి, రాత్రి షిఫ్టు వారు వెనుక భాగం తుడిస్తే రెండు అంకెలనూ పోల్చడానికి లేదు.

ప్లాస్టిక్ క్రేట్లను ఈ జాబితాలో కలపవద్దు. గీతలు పడిన ప్లాస్టిక్ మీద రీడింగు ఎప్పుడూ ఎగుడుదిగుడుగానే ఉంటుంది, పైగా పాలు దాన్ని నేరుగా తాకవు.

స్వాబ్ తీసే క్రమం

స్వాబ్‌లను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. ఫ్రీజరులో పెడితే ఎంజైము పాడవుతుంది. వాడబోయే ముందు వాటిని బయట పెట్టి గది వేడికి రానివ్వాలి, ఎందుకంటే లూసిఫెరేజ్ చల్లగా ఉన్నప్పుడు మందంగా పనిచేసి తక్కువ వెలుగునిస్తుంది. తక్కువ వెలుగు అంటే తెర మీద తక్కువ అంకె, అంటే లేని శుభ్రత ఉన్నట్టు కనిపించడం. హడావుడిగా ఫ్రిజ్ నుంచి తీసి నేరుగా వాడిన స్వాబ్ ఇచ్చే "పాస్" అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

మీటరు తెరిచి స్వీయ పరీక్ష పూర్తయ్యాక, దేనికీ తాకించని ఒక స్వాబ్‌లోని ద్రవాన్ని పుల్ల మీదికి వదిలి చదవండి. అది సున్నా గాని, దానికి ఒకటి రెండు అటూ ఇటూ గాని రావాలి. ఎక్కువ వస్తే స్వాబ్ పెట్టె పాడై ఉండాలి, లేదా మీటరు గది లోపల ద్రవం ఒలికి ఉండాలి. ఈ ఖాళీ స్వాబ్ ఖర్చును మిగుల్చుకుందామని మానేసిన చోట, ఏదో ఒక రోజు ప్లాంటంతా ఫెయిల్ అయి ఎందుకో తెలియక అందరూ కంగారుపడతారు.

స్వాబ్ చేయవలసిన సమయం, కడగడం పూర్తయి చివరి నీటితో జాడించిన తరువాత, శానిటైజర్ వేయడానికి ముందు. క్లోరిన్, పెరాసిటిక్ ఆమ్లం, క్వాటర్నరీ అమ్మోనియం మందులు పుల్లకు అంటితే ఎంజైము పనిని చెడగొట్టి అంకెను తప్పుదారి పట్టిస్తాయి. మీ ప్లాంటులో శానిటైజర్ తరువాతే చూడడం తప్పనిసరి అయితే, దాన్ని శుభ్రమైన నీటితో జాడించి చూడండి, ఎప్పుడూ అదే వరుసను పాటించండి.

చదునైన చోట 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు గల చదరం. పుల్లను గొట్టం నుంచి తీసిన తరువాత దాని కొనను, కాడను చేతితో తాకకూడదు, ఒక్క వేలిముద్ర చాలు అంకెను పాడుచేయడానికి. పుల్ల కొద్దిగా వంగేంత ఒత్తిడితో, కొనను వేళ్ల మధ్య తిప్పుతూ, ముందు అడ్డంగా ఆ చదరమంతా, తరువాత నిలువుగా అంతా తుడవాలి. నాజిల్, గాస్కెట్ వంటి చదునుగా లేని వాటికి చదరం కుదరదు గనుక "లోపలి అంచు చుట్టూ మూడు సార్లు" వంటి మాటల్లో పద్ధతి రాసి పెట్టండి. స్వాబ్ చేసే చోట నీటి చుక్కలు నిలిచి ఉంటే వాటిని ముందు కారిపోనివ్వాలి.

పుల్లను తిరిగి గొట్టంలో పెట్టి, పైన ద్రవాన్ని ఆపి ఉంచే ప్లాస్టిక్ ముడిని విరిచి, ద్రవమంతా కిందికి దిగేలా నొక్కి, ఐదు సెకన్లు ఊపి, మీటరులో పెట్టి మూత వేయాలి. ముడి విరిచిన క్షణం నుంచి వెలుగు తగ్గడం మొదలవుతుంది కాబట్టి నిమిషంలోపు చదవాలి. అంటే పది స్వాబ్‌లు వరుసగా తీసి, అన్నీ ఒకేసారి విరిచి, ఒక్కొక్కటే చదివే పని పెట్టుకోరాదు. మీటరును నిటారుగా పట్టుకోండి. ట్యాంకర్ల బే దగ్గర ఎండలో నిలబడి చదవవద్దు, ఎండ తగిలిన ప్లాస్టిక్ గొట్టం కొంతసేపు తానే మెరుస్తుంది.

ఒకసారి తుడిచిన చోటును మళ్లీ తుడిచి "రెండోసారి పాస్ అయింది" అని రాయడం నేను ఎక్కువగా చూసిన తప్పు. మొదటి పుల్ల మురికిని తీసుకుపోయింది గనుక రెండవ పుల్లకు తక్కువే దొరుకుతుంది. అనుమానం తీరకపోతే పక్కనే తుడవని చోట తీయాలి.

హద్దులు మీవే కావాలి

ఒక కంపెనీ మీటరు 10 లోపు పాస్, 30 పైన ఫెయిల్ అంటుంది, మరొకటి 150, 300 అంటుంది. రెండూ తప్పు కాదు, ఆర్‌ఎల్‌యూకు ఉమ్మడి కొలబద్ద లేదు, అంతే. పక్క ప్లాంటు మిత్రుడు చెప్పిన హద్దును వేరే మీటరు మీద పెట్టుకోవడం, మైళ్ల రాయి మీద అంకెను కిలోమీటర్లుగా చదవడం వంటిది. కంపెనీ ఇచ్చిన హద్దుతో మొదలుపెట్టినా, నెల తిరిగేలోపు మీ స్టీలుకు, మీ నీటికి, మీ కడుగుడుకు సరిపోయే హద్దులు మీరే కట్టుకోవాలి.

పద్ధతి ఇది. ఒక స్థానాన్ని దగ్గరుండి, నియమం ప్రకారం పూర్తిగా కడిగించి రీడింగు తీసుకోండి. ఇలా వేర్వేరు రోజులలో పదిసార్లు చేయండి. ఉదాహరణకు 4, 7, 5, 9, 6, 3, 8, 6, 5, 7 వచ్చాయనుకుందాం. మొత్తం 60, సగటు 6. అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనం లెక్క కడితే సుమారు 1.8 వస్తుంది. సగటుకు దానికి మూడింతలు కలిపితే 11.5, అంటే 12 దాటితే ఫెయిల్. కొందరు సగటునే పాస్ హద్దుగా పెట్టమంటారు. నాకది కుదరలేదు. పై పదింటిలోనే నాలుగు ఆరును మించాయి, అవన్నీ మనం దగ్గరుండి కడిగించిన రోజులే. ప్రతిరోజూ హెచ్చరిక వచ్చే వ్యవస్థను నెల రోజుల్లో ఎవరూ లెక్కచేయరు. సగటుకు ఒక విచలనం కలిపి 8 వరకు పాస్ అనీ, 9 నుంచి 12 వరకు జాగ్రత్త అనీ పెట్టుకోవడం మేలు.

ఇదే లెక్క ప్రతి స్థానానికీ విడిగా చేయాలి. పన్నీరు అచ్చు గుడ్డకు, స్టీలు నాజిల్‌కు ఒకే హద్దు పెడితే మొదటిది ఎప్పుడూ ఫెయిల్, రెండవది ఎప్పుడూ పాస్.

ఫెయిల్ అయినప్పుడు, పాస్ అవుతున్నా పెరుగుతున్నప్పుడు

హద్దు దాటితే లైను ఆగాలి, ఆ భాగాన్ని మళ్లీ కడగాలి, మళ్లీ స్వాబ్ తీయాలి. రెండు అంకెలూ రిజిస్టరులో ఉండాలి. రెండవసారీ ఫెయిల్ అయితే కడగడం ఆపి కారణం వెతకాలి. ముందు కాస్టిక్ బలం చూడండి. 10 మి.లీ. సీఐపీ ద్రావణాన్ని (యంత్రాన్ని విప్పకుండా లోపలే తిప్పి కడిగే ద్రావణాన్ని) రంగు మార్పు చూపే ఫినాల్ఫ్తలీన్ వేసి 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేస్తే, 1 శాతం ఉన్నప్పుడు 25 మి.లీ., ఒకటిన్నర శాతం ఉన్నప్పుడు 37.5 మి.లీ. ఖర్చవుతుంది. బలం సరిగ్గా ఉంటే తిరిగి వచ్చే గొట్టంలో వేడి చూడండి. పంపే వైపు 80 డిగ్రీలు చూపించి తిరుగు వైపు 60 కూడా లేని లైన్లు ఉంటాయి. తరువాత పంపు ప్రవాహం. పైపులో ద్రావణం సెకనుకు ఒకటిన్నర మీటరు వేగంతో పోకపోతే అది మురికిని తడుపుతుందే గాని ఊడదీయదు. కాస్టిక్‌తో మాత్రమే కడుగుతూ ఆమ్లం వంతు వాయిదా వేస్తూ పోతే స్టీలు మీద తెల్లటి పాలగార కడుతుంది. ఆ గార గరుకులో మురికి దాక్కుంటుంది.

నేను పనిచేసిన ఒక ప్లాంటులో పౌచ్ మెషిన్ నాజిల్ రీడింగు మూడు వారాలలో 3 నుంచి మెల్లగా 8కి చేరింది. హద్దు దాటలేదు గనుక ఎవరూ పట్టించుకోలేదు, నేనూ సంతకం పెట్టుకుంటూ పోయాను. ప్యాకెట్ పాలు కాచేటప్పుడు విరుగుతున్నాయని ఏజెంట్ల ఫోన్లు మొదలయ్యాక నాజిల్ విప్పాం. గాస్కెట్ ముందు వైపు అద్దంలా ఉంది. తిప్పి వంచితే వెనుక సన్నటి పగులు తెరుచుకుంది, గోరుతో గీకితే పసుపుపచ్చని బంక గోటి నిండా వచ్చింది, పుల్లటి వాసన. మేము రోజూ తుడిచింది ముందు వైపే. ఆ తరువాత నుంచి అంకెలను రిజిస్టరులో రాయడంతో ఆగకుండా, ప్రతి స్థానానికీ గోడ మీద గ్రాఫు కాగితం పెట్టి చుక్కలు పెట్టించాం. వరుసగా ఐదు చుక్కలు పైకి నడిస్తే, పాస్ అయినా సరే, ఆ భాగం విప్పాలన్నది నియమం.

పనివారి చేతులకు కూడా స్వాబ్ చేస్తారు. చర్మం తానే ఏటీపీ విడుస్తుంది కాబట్టి ఆ అంకె మనిషి మనిషికీ మారుతుంది. కడగక ముందు, కడిగిన తరువాత తేడాను ఆ మనిషికే చూపించడానికి అది బాగా పనికొస్తుంది గాని, దాన్ని బట్టి ఎవరికైనా మెమో ఇవ్వడం అన్యాయం.

ప్లేటును మానకూడదు

వారానికి ఒకసారైనా అదే స్థానాల నుంచి, ఏటీపీ చదరానికి పక్కనే, బ్యాక్టీరియా కోసం విడి స్వాబ్ తీయాలి. ఇది శానిటైజర్ తరువాత, లైను మొదలయ్యే ముందు తీసేది గనుక స్వాబ్ ద్రవంలో ఆ మందును అణచే పదార్థం ఉండాలి. క్లోరిన్‌కు సోడియం థయోసల్ఫేట్, క్వాటర్నరీ అమ్మోనియంకు లెసిథిన్, పాలీసార్బేట్. అది లేకపోతే ప్రయోగశాలకు చేరేలోపు మందు గొట్టంలోనే బ్యాక్టీరియాను చంపి, ఖాళీ ప్లేటు చూపిస్తుంది.

ఏటీపీ ఎక్కువ, ప్లేటు ఖాళీ అయితే కడగడం సరిగా లేదు, శానిటైజర్ దాన్ని కప్పిపుచ్చింది. మురికి మీద మందు పనిచేసేది కొన్నాళ్లే. ఏటీపీ తక్కువ, ప్లేటు నిండుగా ఉంటే మరింత జాగ్రత్త పడాలి. మురికి లేదు గాని బ్యాక్టీరియా వచ్చింది. అది చివర జాడించిన నీటి నుంచి కావచ్చు, కడిగిన తరువాత తాకిన చేతి నుంచి కావచ్చు. ఇలాంటి సందర్భాల్లో నేను ముందు చూసేది నీటి ట్యాంకునే. లిస్టీరియా, సాల్మొనెల్లా వంటి రోగకారక బ్యాక్టీరియా కోసం ఏటీపీ మీటరు వైపు చూడనే కూడదు. వాటికి ఎన్‌రిచ్‌మెంట్‌తో, అంటే ముందు ఆ కొద్ది బ్యాక్టీరియాను పోషక ద్రవంలో పెంచడంతో, కూడిన విడి పరీక్షలే దారి.

మీటరు లేని చిల్లింగ్ సెంటరులో

స్వాబ్‌ల ఖర్చు భరించలేని చోట పాత మిథిలీన్ బ్లూ పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. పరిశుభ్రమైన పరీక్షనాళికలో 10 మి.లీ. పాలు, 1 మి.లీ. ప్రామాణిక రంగు ద్రావణం వేసి, మూత బిగించి, ఒకసారి తలకిందులు చేసి, 37 డిగ్రీల నీటి తొట్టిలో వెలుతురు తగలకుండా ఉంచాలి. బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను తినే కొద్దీ నీలం విరిగి తెల్లబడుతుంది. అరగంటకు మొదటిసారి, ఆపై గంటగంటకూ చూడాలి. ఐదు గంటలు, ఆ పైన నిలిస్తే చాలా మంచి పాలు, మూడు నాలుగు గంటలైతే మంచివి, ఒకటి రెండు గంటలైతే మధ్యరకం, అరగంటకే తెల్లబడితే నాసి. పై అంచున సన్నటి నీలి పొర మిగిలినా లెక్కలోకి తీసుకోరాదు, అక్కడికి గాలి తగులుతుంది.

ఊళ్ల నుంచి క్యాన్లలో పిండిన వేడితో వచ్చే పాలకు ఈ పరీక్ష సరిపోతుంది. బల్క్ కూలర్‌లో 4 డిగ్రీల వద్ద రాత్రంతా నిలిచిన పాలకు సరిపోదు. చల్లదనంలో పెరిగే సూడోమొనాస్ జాతి బ్యాక్టీరియా 37 డిగ్రీల దగ్గర రంగును విరగ్గొట్టడంలో మందకొడి, అందువల్ల బ్యాక్టీరియా నిండా ఉన్న పాలు కూడా గంటల తరబడి నీలంగా నిలుస్తాయి. పశువుకు వేసిన యాంటీబయాటిక్ మిగిలి ఉన్నా, ఎవరైనా హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపినా ఇదే జరుగుతుంది. కాబట్టి చల్లబరిచిన పాలు అనుమానాస్పదంగా ఎక్కువసేపు నిలిస్తే, ఆ నాళికను మంచి పాలుగా రాసే ముందు యాంటీబయాటిక్ పరీక్ష, పెరాక్సైడ్ పరీక్ష చేసి, నమూనాను ప్లేటుకు కూడా పంపాలి.